కన్ను ఎర్రబడింది, చూపు మసకేసింది: ఏది ఏ జబ్బు?

కన్ను ఎర్రబడగానే అందరి నోటా వచ్చే మొదటి మాట కండ్లకలక. చాలాసార్లు అది నిజమే. చిక్కంతా మిగిలిన సందర్భాల్లోనే. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద పుండు, కంటి లోపలి వాపు, కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోవడం కూడా ఎర్రకన్నుతోనే బయటపడతాయి. మామూలు కండ్లకలక మందు వేసినా వేయకపోయినా తగ్గిపోతుంది. ఈ మూడింటిని వదిలేస్తే రోజుల్లో, ఒక్కోసారి గంటల్లోనే చూపు దెబ్బతింటుంది. వీటిని విడదీయడానికి ఎరుపు ఎంత ఉందన్నది దాదాపు పనికిరాదు. చూస్తేనే భయం వేసేంత ఎర్రటి కంటికి ఏ చికిత్సా అక్కర్లేకపోవచ్చు. లేత గులాబీ రంగు తిరిగిన కన్నును ఆ పూటే ఆసుపత్రిలో చూపించాల్సి రావచ్చు.

పనికొచ్చే ఆనవాళ్లు వేరే ఉన్నాయి. దురద, మంట, ఇసుక పడినట్టు గరగర సంగతి అలా ఉంచి, అసలైన నొప్పి ఉందా? కిటికీ వైపు చూడలేనంతగా వెలుతురు బాధిస్తోందా? ఒక కన్ను మూసి రెండోదానితో చదివితే తేడా తెలుస్తోందా? పుసి తుడిచి, రెండు మూడుసార్లు రెప్పలార్పాక చూపు తేటపడితే ఆ మసక కంటి పైపొరదే. ఆర్పినా అలాగే ఉంటే చూపు తగ్గినట్టే లెక్క. ఒక్కో కన్నునూ విడిగా చూసుకోకుండా 'చూపు బాగానే ఉంది' అనుకోవడం దగ్గరే చాలా పొరపాట్లు జరుగుతాయి. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది.

నాలుగో ఆనవాలు ఎరుపు ఉన్న చోటు. తెల్లగుడ్డు మీద రక్తనాళాలు రెండు వరసల్లో ఉంటాయి. పైవరస కంజంక్టైవా అనే పలచటి పొరది. కింది వరస కంటి లోపలి భాగాలతో ముడిపడినది. కండ్లకలకలో పైవరస ఉబ్బుతుంది కాబట్టి రెప్పల లోపల, కంటి మూలల్లో ఎరుపు ఎక్కువగా ఉండి, నల్లగుడ్డు దగ్గరకి వచ్చేసరికి పలచబడుతుంది. కార్నియా, ఐరిస్‌ల (కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం) జబ్బుల్లో ఇది తిరగబడుతుంది: నల్లగుడ్డు చుట్టూ ఊదా కలిసిన ఎర్రటి వలయం కనిపిస్తుంది, మూలలు తెల్లగానే ఉంటాయి. అద్దం ముందు కింది రెప్పను కాస్త లాగి చూస్తే ఈ తేడా చాలావరకు తెలిసిపోతుంది.

కండ్లకలకలో రకాలు

వైరల్ కండ్లకలకకు ఎక్కువగా అడినోవైరస్ కారణం. ఒక కంటితో మొదలై రెండు మూడు రోజుల్లో రెండోదానికి పాకుతుంది. నీళ్లు ధారగా కారతాయి, పుసి పలచగా ఉంటుంది. చెవి ముందు చిన్న బిళ్ల తేలి, నొక్కితే నొప్పి పెట్టడం మంచి గుర్తు. ముందో వెనకో జలుబు, గొంతునొప్పి ఉంటాయి. మొదటి నాలుగైదు రోజులు ముదిరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఇందులో ఓ తమాషా ఉంది. మూడో రోజున 'ఈ చుక్కలు పనిచేయడం లేదు' అని మందు మారుస్తారు, ఆరో రోజున జబ్బు దిగుముఖం పడుతుంది, ఆ పేరు రెండో మందుకు దక్కుతుంది. నిజానికి యాంటీబయాటిక్ చుక్కలకు వైరస్ మీద ఏ పట్టూ లేదు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ, కృత్రిమ కన్నీటి చుక్కలు ఉపశమనానికి చాలు. కొందరిలో ఎరుపు తగ్గాక కార్నియాలో సన్నటి మచ్చలు మిగిలి, నెలల తరబడి వెలుతురు చెదిరినట్టు కనిపిస్తుంది. ఆ దశలో కంటి వైద్యుల పరీక్ష అవసరం.

కండ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకోదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా అంటుకోవడం ఆగదు. అది చేతుల మీద, తువ్వాళ్ల మీద, దిండుగలీబుల మీద, ఒకే సీసాలోని చుక్కల మీద ప్రయాణిస్తుంది. అడినోవైరస్ పొడి వస్తువుల మీద రోజుల తరబడి బతుకుతుంది, ఆల్కహాల్ శానిటైజర్‌కు అంత తేలిగ్గా చావదు. సబ్బుతో చేతులు కడుక్కోవడమే నమ్మదగినది. కంటి నుంచి నీరు కారుతున్నన్నాళ్లూ, అంటే దాదాపు రెండు వారాల వరకు ఇతరులకు అంటించే అవకాశం ఉంటుంది.

బ్యాక్టీరియా వల్ల వచ్చేదానిలో పుసి చిక్కగా, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉంటుంది, రోజంతా ఊరుతూనే ఉంటుంది. పొద్దున రెప్పలు అతుక్కుపోవడం ఒక్కటే చూసి బ్యాక్టీరియా అనుకోకూడదు. వైరల్‌లోనూ, అలర్జీలోనూ అతుక్కుంటాయి. యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే కొన్ని రోజులు ముందుగా తగ్గుతుంది, అంతే. వేరుగా చూడాల్సినది ఒకటుంది: తుడిచిన నిమిషాల్లోనే చీము మళ్లీ నిండిపోవడం, రెప్పలు బాగా ఉబ్బిపోవడం. గనేరియా అనే సుఖవ్యాధి క్రిమి ఇలా చేస్తుంది, అది పైపొర చెక్కుచెదరని కార్నియాలోకి కూడా చొరబడి రంధ్రం చేయగలదు. పుట్టిన మొదటి 28 రోజుల్లో శిశువు కళ్లలో పుసి, వాపు కనిపిస్తే ఇంటి వైద్యానికి తావే లేదు. గనేరియా వల్ల అయితే సాధారణంగా 2 నుంచి 5 రోజుల మధ్య, క్లామిడియా వల్ల అయితే 5 నుంచి 14 రోజుల మధ్య బయటపడుతుంది. రెండింటికీ చుక్కలతో పాటు ఒంట్లోకి మందు వెళ్లాలి.

అలర్జీకి ఒకటే ముద్ర: దురద. దురద లేని అలర్జీ కన్ను దాదాపు ఉండదు. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడతాయి, పుసి తెల్లగా దారంలా సాగుతుంది, తుమ్ములు, ముక్కు కారడం తోడవుతాయి. ఓలొపాటడిన్ లాంటి చుక్కలు, చల్లటి కాపడం పనిచేస్తాయి. నలుపుకోవడం మాత్రం మానాలి. నలిపే కొద్దీ మాస్ట్ కణాల నుంచి దురద పుట్టించే హిస్టమిన్ మరింత విడుదలై దురద రెట్టిస్తుంది. ఏళ్ల తరబడి నలిపే పిల్లల్లో కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ముప్పు ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు సిలిండర్ పవర్ మారిపోతున్న పిల్లవాడికి కార్నియా ఆకారం కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయించాలి.

నొప్పి ఉన్న ఎర్రకన్ను

ఇక్కడ లెక్క మారిపోతుంది. కార్నియాలో నరాల చివరలు కిక్కిరిసి ఉంటాయి, అందుకే చిన్న గీత పడినా కన్ను తెరవలేరు. కార్నియా పుండు పడినవాళ్లను వివరాలు అడిగితే రెండు కథల్లో ఒకటి వస్తుంది: కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని నిద్రపోవడం, లేదా ఆకో, కంకో, కొమ్మో కంటికి తగలడం. మొదటిదానిలో ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఇది ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. రెండోదానిలో ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు జాతులు. ఇవి నిదానంగా, వారాల మీద ముదురుతాయి, పుండు అంచు ఈకలా చెదిరి ఉంటుంది. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించడం రెండింటిలోనూ ఉంటుంది. లెన్స్ పెట్టుకున్న కన్ను ఎర్రబడి నొప్పి పుడితే లెన్స్ తీసేసి, ఆ లెన్సునీ డబ్బానీ పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. వాటి నుంచి కూడా క్రిమిని పెంచి చూడవచ్చు. కొళాయి నీళ్లతో లెన్స్ కడిగితే అకాంతమీబా అనే ఏకకణ జీవి చేరే ప్రమాదం ఉంది. దానికి గుర్తు, పైకి కనిపించే పుండుతో పోలిస్తే విపరీతమైన నొప్పి. లెన్స్ డబ్బాను మూడు నెలలకోసారి మార్చాలి; పాత ద్రావణం మీదే కొత్తది పోయకూడదు, పోస్తే దాని క్రిమిసంహారక బలం తగ్గిపోతుంది.

పుండు నుంచి కాస్త గీకి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే ఏ క్రిమో తేలుతుంది. బూజుకు 5 శాతం నాటమైసిన్ మొదట గంటకోసారి, తర్వాత వారాల తరబడి వేయాల్సి ఉంటుంది. మానాక మిగిలే తెల్లటి మచ్చనే పువ్వు అంటారు. అది నడిమధ్యలో పడితే కార్నియా మార్పిడి తప్ప దారి ఉండకపోవచ్చు.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ పుండు వేషం మార్చుకొని వస్తుంది. ఒకే కన్ను, మోస్తరు ఎరుపు, నీరు కారడం, వెలుతురు పడకపోవడం. కార్నియా స్పర్శ తగ్గుతుంది కాబట్టి నొప్పి తక్కువే అనిపించవచ్చు. ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు వేసి నీలి కాంతిలో చూస్తే కొమ్మలు వేసిన ఆకుపచ్చ గీత మెరుస్తుంది. అంతకుముందు అదే కంటికి ఇలాగే వచ్చి తగ్గిందంటే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే ఈ వైరస్ నరాల్లో దాక్కుని మళ్లీ మళ్లీ లేస్తుంది.

స్టెరాయిడ్ చుక్కల ప్రమాదం సరిగ్గా ఈ మలుపులో ఉంది. అవి ఏ కారణంతో వచ్చిన ఎరుపునైనా తాత్కాలికంగా తగ్గిస్తాయి. రెండో రోజుకే కన్ను తెల్లబడి 'మంచి మందు' అనిపిస్తుంది. లోపల మాత్రం హెర్పిస్ విస్తరిస్తుంది, బూజు లోతుకు దిగుతుంది. కొందరిలో వారాల వాడకానికే కంటి ఒత్తిడి పెరుగుతుంది, నెలలు దాటితే శుక్లం మొదలవుతుంది. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటిప్రెడ్నాల్, ఫ్లోరోమెథొలోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. చాలా సీసాల్లో ఇది యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటుంది, మొదటి పేరు మాత్రమే చదివితే తెలియదు. ఎరుపు తగ్గించడానికి దొరికే నాఫజొలిన్ లాంటి చుక్కలు మరో రకం మోసం. అవి రక్తనాళాలను బిగిస్తాయి. ప్రభావం దిగాక ఇంకాస్త ఎర్రబడుతుంది, మళ్లీ వేయాల్సొస్తుంది.

అదే స్టెరాయిడ్ ఐరిస్ వాపుకు, అంటే యువియైటిస్‌కు అసలు చికిత్స. కాబట్టి కార్నియా పుండునూ యువియైటిస్‌నూ కలగలిపితే రెండు వైపులా నష్టమే. యువియైటిస్‌లో పుసి ఉండదు. లోతైన నొప్పి, వెలుతురు భయం, కాస్త మసక. కనుపాప రెండో కంటితో పోలిస్తే చిన్నదిగా, ఒక్కోసారి వంకరగా ఉంటుంది, ఎందుకంటే వాచిన ఐరిస్ తన వెనకున్న కంటి సహజ లెన్సుకు అతుక్కుంటుంది. బాగున్న కంట్లో టార్చి వేస్తే జబ్బు కన్ను నొప్పెట్టడం చక్కటి ఆనవాలు: రెండు కనుపాపలూ కలిసే ముడుచుకుంటాయి కాబట్టి వాచిన ఐరిస్ కూడా కదులుతుంది. చికిత్సలో స్టెరాయిడ్‌తో పాటు కనుపాపను విప్పే చుక్కలు వేస్తారు, అతుకులు పడకుండా. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలి. పొద్దున్నే నడుం బిగుసుకుపోయే యువకుల్లో ఇది తిరగబెడుతుంటే వెన్ను కీళ్ల జబ్బును, దానితో ముడిపడిన హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యు గుర్తును కూడా చూడాలి. నిద్ర లేపేసేంత, దవడకూ కణతకూ పాకే పోటు ఉంటే తెల్లగుడ్డు వాపు, అంటే స్క్లెరైటిస్ కావచ్చు. ఇది తరచూ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు తోడుగా వస్తుంది.

కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే నీటికాసుల (గ్లకోమా) ఆకస్మిక దాడి కంటి జబ్బులా కనిపించకపోవడమే దాని ప్రమాదం. సగం తల పగిలే నొప్పి, వాంతులు. రోగిని పార్శ్వపు నొప్పి అనో, కడుపు జబ్బు అనో చేర్చుకుంటారు. కంటిని చూస్తే కార్నియా మసకగా, కనుపాప సగం విచ్చుకుని వెలుతురుకు కదలకుండా ఉంటుంది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. మామూలు కంటి ఒత్తిడి పాదరస మట్టంలో 10 నుంచి 21 మిల్లీమీటర్లు; ఈ దాడిలో 50 దాటవచ్చు, మూసిన రెప్ప మీద వేలు ఆనిస్తే గుడ్డు గట్టిగా తగులుతుంది. కంట్లో ఊరే ద్రవం బయటికి పోయే మూలను ఐరిస్ మూసేయడం దీనికి కారణం. ప్లస్ పవర్ అద్దాలు వాడేవాళ్ల కళ్లు పొట్టిగా ఉంటాయి, ఆ మూల ముందే ఇరుకు. వయసుతో లెన్స్ మందమై మరింత ఇరుకవుతుంది. చీకటి గది, జలుబు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కనుపాపను విప్పి దాడికి దారితీస్తాయి. పెద్ద దాడికి ముందు చిన్నవి వచ్చిపోతుంటాయి: సాయంత్రం కన్ను బరువెక్కి, దీపాల చుట్టూ వలయాలు కనిపించి, పడుకుని లేచాక పోవడం. నిద్రలో కనుపాప ముడుచుకోవడం వల్లే ఆ ఉపశమనం. ఈ దశలోనే గుర్తిస్తే లేజర్‌తో ఐరిస్‌లో సన్నటి రంధ్రం చేస్తారు, రెండో కంటికి కూడా.

వీటన్నిటి పక్కన పెడితే తెల్లగుడ్డు మీద రక్తపు మరక ఏమీ కాదు. ఎర్రటి రంగు, స్పష్టమైన అంచు, నొప్పి లేదు, చూపు మారదు. దగ్గు, తుమ్ము, వాంతి, ముక్కడం వల్ల చిన్న నాళం చిట్లితే ఇలా అవుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో పసుపుగా మారి పోతుంది. పదేపదే వస్తుంటే బీపీ, రక్తం పలచబరిచే మందుల సంగతి చూడాలి. దెబ్బ తగిలాక వచ్చి, మరక వెనక అంచు కనిపించకపోతే మాత్రం గుడ్డు చీలి ఉండొచ్చు, లేదా ఎముక విరిగి ఉండొచ్చు.

సున్నం, యాసిడ్, శుభ్రపరిచే రసాయనాలు పడినప్పుడు జబ్బు పేరు తేల్చుకునే వ్యవధి ఉండదు. దొరికిన శుభ్రమైన నీటితో అక్కడికక్కడే కనీసం అరగంట కడగాలి, తర్వాతే ప్రయాణం. యాసిడ్ ప్రొటీన్‌ను గడ్డకట్టించి తన దారి తనే మూసుకుంటుంది. సున్నం లాంటి క్షారం కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతూనే ఉంటుంది. పై రెప్పను తిప్పి, ఇరుక్కున్న సున్నం పలుకులను తడి దూదితో తీయకపోతే ఎంత కడిగినా వృథా. యాసిడ్‌కు సోడా, క్షారానికి నిమ్మరసం లాంటి విరుగుళ్లు వేయకూడదు.

రెప్ప మీద గడ్డ

రెప్ప అంచున వెంట్రుక మొదట్లో ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా లేచేది కంటికురుపు. స్టఫైలోకాకస్ క్రిమి దీనికి కారణం. రెప్ప మధ్యలో, నొప్పి లేకుండా, బఠాణీ గింజంత గట్టిగా తగిలేది కలేజియాన్. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు, నూనె గ్రంథి నోరు మూసుకుపోయి లోపలి నూనె పేరుకోవడం. రెండింటికీ మొదటి వైద్యం ఒకటే: వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు కాపడం. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్లీ మళ్లీ ముంచకపోతే కాపడం పెట్టినట్టే కాదు. పిండకూడదు. కురుపు వారం పది రోజుల్లో పగిలి మానుతుంది. కలేజియాన్ నెలలు ఉండి, చిన్న కోతతో తీయాల్సి రావచ్చు. పెద్ద వయసులో ఒకే చోట పదేపదే వచ్చే కలేజియాన్‌ను ముక్క పరీక్షకు పంపాలి, నూనె గ్రంథి క్యాన్సర్ అదే రూపంలో మొదలవుతుంది. రెప్పంతా వాచి, జ్వరంతో పాటు గుడ్డు ముందుకు రావడం, కన్ను కదిపితే నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే చీము కంటిగూడులోకి పాకినట్టే. పిల్లల్లో ఇది సైనస్‌ల నుంచి వస్తుంది, ఆసుపత్రిలో చేర్చాలి.

ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి రెక్కలా పాకే కండ టెరీజియం. ఎండ, దుమ్ము, గాలిలో ఏళ్లు పనిచేసేవాళ్లకు వస్తుంది. చూపుకు అడ్డొచ్చినా, సిలిండర్ పవర్ పెంచినా తీస్తారు. ఉత్తినే కోసేస్తే తిరిగి పెరగడం ఎక్కువ కాబట్టి, ఆ చోట రోగి కంటిలోని మంచి పొరనే అతికిస్తారు.

ఎండిన కన్ను కారుతుంది

నీరు కారే కంటిని 'పొడికన్ను' అంటే నమ్మడం కష్టం. కన్నీటి పొర త్వరగా చెదిరిపోయి కార్నియా ఎండినప్పుడు, నరాలు మెదడుకు కబురు పంపి నీళ్లు కుమ్మరిస్తాయి. అవి నూనె లేని ఉత్త నీళ్లు, నిలవవు. కన్నీటి పొరకు పైన నూనె, లోపల నీరూ జిగురూ కావాలి. చాలామందిలో లోపించేది నూనె. మంట ఎప్పుడు ఎక్కువో అడిగితే చాలావరకు తేలుతుంది. సాయంత్రానికి పెరిగితే కన్నీటి కొరత లేదా ఆవిరి; నిద్ర లేవగానే ఎక్కువగా ఉండి, రెప్ప వెంట్రుకల మొదట్లో చుండ్రు లాంటి పొట్టు కనిపిస్తే బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచుల వాపు. నిమిషానికి దాదాపు 15 సార్లు ఆర్పే రెప్పలు తెర చూస్తున్నప్పుడు సగానికీ అంతకన్నా తక్కువకీ పడిపోతాయి. తెరను కంటి మట్టానికి కాస్త కిందుగా పెడితే రెప్పల మధ్య తెరుచుకునే మేర తగ్గి ఆవిరి తగ్గుతుంది. కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే షర్మర్ పరీక్షలో కాగితపు పట్టీ 5 నిమిషాల్లో 5 మిల్లీమీటర్లయినా తడవకపోతే తీవ్రమైన కొరత. నోరు కూడా ఎండిపోతుంటే కన్నీటి, లాలాజల గ్రంథులను ఒంటి రోగనిరోధక శక్తే దెబ్బతీసే స్యోగ్రెన్ జబ్బును వెతకాలి. కృత్రిమ కన్నీళ్లు రోజుకు నాలుగుసార్లు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే వాడాలి. ప్రిజర్వేటివ్‌గా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కార్నియా పైపొరనే దెబ్బతీస్తుంది.

నెమ్మదిగా తగ్గే చూపు

అట్టముక్కకు మిల్లీమీటరు పైచిలుకు రంధ్రం చేసి, అందులోంచి ఒక్కో కంటితో దూరపు అక్షరాలు చూడాలి. స్పష్టత పెరిగితే లోపం అద్దాలతో సరిదిద్దదగినది: హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, సిలిండర్. సన్నటి రంధ్రం చెదిరిన కిరణాలను ఆపేస్తుంది, కాబట్టి పవర్ లోపం కప్పబడుతుంది. ఏ మార్పూ లేకపోయినా, ఇంకా తగ్గినా లెన్స్, రెటీనా (కంటి వెనక వెలుతురును పట్టే పొర), నరాల వైపు చూడాలి. నలభై దాటాక పుస్తకాన్ని దూరం జరపడం చత్వారం. అది జబ్బు కాదు, లెన్స్ గట్టిపడటం.

శుక్లం నొప్పి లేకుండా, ఏళ్ల మీద పెరుగుతుంది. ఎదురొచ్చే వాహనాల దీపాలు కళ్లు చెదరగొట్టడం, రంగులు వెలిసినట్టుండటం, అద్దాల పవర్ త్వరత్వరగా మారడం దాని గుర్తులు. అరవై దాటాక 'అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నా' అని సంబరపడటం వెనక తరచుగా ఉండేది ఇదే: గట్టిపడిన లెన్స్ మైనస్ పవర్ తెచ్చి దగ్గరి చూపు ఇస్తుంది, దూరపు చూపు తీసుకుంటుంది. చుక్కలతో శుక్లం కరగదు. ముదిరేదాకా ఆగాలన్న పాత మాటకు ఇప్పుడు అర్థం లేదు. రోజువారీ పనికి అడ్డొచ్చినప్పుడే తీయించుకోవచ్చు. బాగా ముదిరితే ఉబ్బి, కంటి ఒత్తిడి పెంచి, తేలికైన శస్త్రచికిత్సను కష్టం చేస్తుంది. ఆపరేషన్ అయిన మొదటి వారంలో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే గంటల్లో చూపించాలి, అది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. నెలలో, ఏళ్లో గడిచాక వచ్చే మసక వేరు. లెన్స్ వెనక పొర మసకబారడం, నిమిషాల లేజర్‌తో పోతుంది.

నెమ్మదిరకం నీటికాసులకు నొప్పీ లేదు, ఎరుపూ లేదు. చూపు అంచుల నుంచి పోతుంది, నడిమి చూపు చివరిదాకా ఉంటుంది, కాబట్టి చార్టు మీద అక్షరాలన్నీ చదివేస్తారు. పోయిన చూపు తిరిగి రాదు. చికిత్స మిగిలినదాన్ని కాపాడటానికే. ఒత్తిడి 21 లోపే ఉన్నా కొందరిలో నరం దెబ్బతింటుంది, అందువల్ల ఒత్తిడి కొలతతో సరిపెట్టకుండా నరాన్ని, చూపు విస్తీర్ణాన్ని కూడా చూడాలి. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఉంటే నలభై నుంచే పరీక్షలు అవసరం.

షుగరు రోగుల్లో అద్దాల పవర్ వారానికో రకంగా మారితే తప్పు అద్దాలది కాదు. చక్కెర హెచ్చుతగ్గులకు లెన్స్ ఉబ్బి తగ్గుతుంటుంది. చక్కెర కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలు కొలవాలి. రెటీనా దెబ్బ వేరే సంగతి, అది ముదిరేదాకా తెలియదు. టైప్ 2 వాళ్లకు షుగరు తేలిన రోజుల్లోనే, టైప్ 1 వాళ్లకు ఐదేళ్లలోపు, ఆపై ఏటా కనుపాప విప్పి రెటీనా చూడాలి. యాభై దాటినవాళ్లలో తలుపు చట్రం, గీతల కాగితం వంకరగా కనిపిస్తే అది రెటీనా నడిమి భాగమైన మాక్యులా జబ్బు. గీతల వంకర కొత్తగా వచ్చిందంటే నెలలు ఆగే పని కాదు, రోజుల్లో చూపించాలి.

ఒక్కసారిగా పోయే చూపు

కళ్ల ముందు ఒకటి రెండు నల్లటి పోగులు ఏళ్లుగా తేలుతుండటం మామూలే. ఉన్నట్టుండి మసి చల్లినట్టు చుక్కలు, చీకట్లో మూలనుంచి మెరుపులు, ఒక వైపు నుంచి తెర దించినట్టు నీడ వస్తే రెటీనా చిరిగినట్టో, ఊడుతున్నట్టో అనుకోవాలి. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్లకు ముప్పు హెచ్చు. చిరుగు దశలో లేజర్ చాలు, ఊడితే ఆపరేషన్. నడిమి భాగం ఊడకముందు చేస్తే ఫలితం చాలా మెరుగు. మెరుపులన్నీ రెటీనావి కావు. జిగ్‌జాగ్ గీతలు 20, 30 నిమిషాలు మెల్లగా పాకి, ఏ కన్ను మూసినా కనిపిస్తుంటే అవి మెదడు నుంచి పుట్టే పార్శ్వపు నొప్పి ఛాయలు.

నొప్పి లేకుండా క్షణాల్లో ఒక కన్ను చీకటైతే రెటీనా ధమని మూసుకుపోయి ఉండొచ్చు. అది పక్షవాతం జాతిదే. గంటల్లో పెద్దాసుపత్రికి వెళ్లాలి. కొద్ది నిమిషాల్లో చూపు తిరిగొచ్చినా సరే వెళ్లాలి. యాభై దాటినవాళ్లకు దానికి తోడు తల దువ్వుకుంటే నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే కణత ధమని వాపు. చికిత్స ఆలస్యమైతే రెండో కన్నూ పోవచ్చు. యువతలో కన్ను కదిపితే నొప్పి, ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించడం, రోజుల మీద చూపు తగ్గడం కంటి నరం వాపుకు గుర్తులు.

పిల్లల్లో కనుపాప తెల్లగా మెరిస్తే, ముఖ్యంగా ఫ్లాష్ వేసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడితే, పుట్టుశుక్లం గానీ రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గానీ కావచ్చు. నాలుగు నెలల వయసు దాటాక నిలిచి ఉండే మెల్లకన్ను దానంతటదే పోదు. పక్కకు తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. బాగున్న కంటికి పట్టీ వేసి తిరిగిన కన్నును పనిలో పెట్టే వైద్యం ఏడెనిమిదేళ్ల లోపు బాగా ఫలిస్తుంది.

చుక్కలు వేయడం

తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి, ఏర్పడిన జేబులో ఒక్క చుక్క. ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లుంటుంది, కన్ను పట్టేది అంతకంటే తక్కువ. రెండోది చెంప మీదికే. కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కితే మందు ముక్కులోకి దిగదు. నీటికాసులకు వేసే టిమొలాల్ విషయంలో ఇది తప్పనిసరి, ఒంట్లోకి పోతే ఆస్తమాను రేపుతుంది, గుండె వేగం తగ్గిస్తుంది. రెండు రకాల మందుల మధ్య 5 నిమిషాల ఎడం ఉండాలి, ఆయింట్‌మెంట్ చివర. సీసా మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. మూత తీసిన తేదీని సీసా మీద రాసి, నాలుగు వారాలకు మందు మిగిలినా పారేయాలి.